లిఫ్టు లేవకపోతే పంపు విప్పడమేనా?

సార్వా దమ్ములు ముమ్మరంగా సాగే రోజుల్లో గోదావరి జిల్లాల ట్రాక్టరు షెడ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు "లిఫ్టు లేవట్లేదు" అన్నది. అంతే తరచుగా వినిపించే జవాబు "పంపు పోయింది" అన్నది. ఈ రెండు మాటల మధ్య జరగవలసిన పరీక్ష ఒకటి మన దగ్గర చాలా అరుదుగా జరుగుతోంది. హైడ్రాలిక్ లిఫ్టు నీరసించడానికి కారణాలు అరడజనుకు పైగానే ఉన్నాయి. వాటిలో సగం పైసా ఖర్చు లేకుండా తేలిపోయేవి, కొన్ని ఆయిలు మారిస్తే పోయేవి. పంపు దాకా వెళ్లేవి ఒకటో రెండో. అయినా విప్పడం మాత్రం పంపుతోనే మొదలవుతోంది. గేజీ పెట్టి ఒత్తిడి చూడనిదే పంపును తప్పుపట్టకూడదన్నది నా వాదన. మన బురద నేలల్లో అయితే ఆ గేజీ కంటే ముందు చూడవలసింది ఆయిలులో కలిసిన నీటిని.

ఈ చర్చకు కోరుకొండ ప్రాంతం సరిగ్గా సరిపోతుంది. రాజమహేంద్రవరానికి ఉత్తరాన, డెల్టా అంచు దాటి మెట్ట మొదలయ్యే చోటది. కోరుకొండ, గోకవరం, సీతానగరం వైపు ఒకే ట్రాక్టరు ఎండాకాలంలో మొక్కజొన్న చేలోనో, జీడితోటలోనో, పామాయిలు చెట్ల మధ్యనో దుమ్ములో తిరుగుతుంది; నీళ్లు వదిలాక వరిమడిలో యాక్సిలు లోతు బురదలోకి దిగుతుంది. దుమ్ము, నీరు రెండూ హైడ్రాలిక్‌కు శత్రువులే. ఒకే ఏడాదిలో రెండింటినీ చవిచూసే బండి, కేవలం పంజాబు గోధుమ చేలో తిరిగే బండిలా ఉండదు. కంపెనీ పుస్తకంలో ఆయిలు మార్చడానికి రాసిన గంటల లెక్క సాధారణ పనికి రాసింది. దమ్ము పనికి అదే లెక్క పట్టుకుని కూర్చుంటే చాలదు.

ముప్పై హార్స్ పవర్ లోపు చిన్న ట్రాక్టర్లు తోటల్లోకి, కడియం వైపు నర్సరీల్లోకి, చిన్న కమతాల్లోకి బాగా వచ్చాయి. కుబోటా నియోస్టార్ బీ2441 గానీ, మహీంద్రా జీవో 245 గానీ 24 హార్స్ పవర్ బళ్లు. రెండింటికీ ప్రకటించిన లిఫ్టు సామర్థ్యం 750 కిలోలు. నాలుగడుగుల రోటావేటరు రెండున్నర మూడు క్వింటాళ్లు తూగుతుంది కాబట్టి ఇది ధారాళంగా సరిపోతుందని అనిపిస్తుంది. కానీ ఆ అంకె ఎక్కడ కొలిచారన్నది చాలామంది అడగరు. మన దేశంలో ట్రాక్టరు లిఫ్టును ఐ.ఎస్. 12224 ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రం, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఇలాంటి పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థలు. అక్కడ బరువును కింది లింకుల చివర్ల దగ్గర ఒకసారి, వాటికి 610 మిల్లీమీటర్లు వెనక బిగించిన చట్రం మీద ఇంకోసారి కొలుస్తారు. రెండో అంకె మొదటిదాని కంటే తక్కువగా ఉంటుంది. పొలంలో పనిముట్టు బరువు ఉండేది లింకు చివర కాదు, దానికి వెనకే. దానికి తోడు రోటావేటరు గార్డులోపల నల్లరేగడి బంక గట్టిపడి ఎంత అదనపు బరువు వేస్తుందో కళ్లారా చూడకుండా లిఫ్టును నిందించడం సరికాదు. లివరు లాగినప్పుడు ముందు చక్రాలు నేల వదిలి తేలుతున్నాయంటే లిఫ్టు నిక్షేపంగా ఉన్నట్టే; ఆ బండికి కావలసింది ముందు బరువులు లేదా చిన్న పనిముట్టు.

లిఫ్టు పని తీరు అర్థమైతే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది. పంపు ఇచ్చేది ఆయిలు ప్రవాహాన్ని. ఒత్తిడి పుట్టేది బరువు అడ్డుకున్నప్పుడు. ఉదాహరణకు 75 మిల్లీమీటర్ల సిలిండరు తీసుకుంటే దాని వైశాల్యం 44 చదరపు సెంటీమీటర్లు. 150 బార్ ఒత్తిడి మీద పిస్టన్ దాదాపు 6,600 కిలోల బలంతో తోస్తుంది. పిస్టన్ పది సెంటీమీటర్లు జరిగితే లింకు చివర అరవై డెబ్భై సెంటీమీటర్లు లేవాలి కాబట్టి ఆ బలం ఆరేడో వంతుకు పడిపోతుంది. రాపిడి పోగా అక్కడ మిగిలేది ఎనిమిది తొమ్మిది వందల కిలోలు. ఒత్తిడి 100 బార్ దగ్గరే ఆగిపోతే అదే లిఫ్టు ఆరు వందలు కూడా ఎత్తలేదు. ఇంకో సంగతి గమనించాలి. పూర్తిగా పైకి లేపడానికి పట్టే ఆయిలు అర లీటరు కూడా ఉండదు. నిమిషానికి ఇరవై లీటర్లిచ్చే పంపు దాన్ని రెండు సెకన్ల లోపే నింపేస్తుంది. కాబట్టి నెమ్మదిగా లేవడం వేరు, లేవలేకపోవడం వేరు, లేచి దిగిపోవడం వేరు. మొదటిది ప్రవాహం లోటు, రెండోది ఒత్తిడి లోటు, మూడోది పట్టి ఉంచే చోట కారడం. ఈ మూడింటినీ "లిఫ్టు వీకైంది" అని ఒకే గాటన కట్టడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ఖర్చులేని కారణాలను తేలిగ్గా తీసుకోకూడదు. సీటు కింద దిగే వేగాన్ని సరిచేసే నాబ్ ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగిస్తే చాలా బళ్లలో లిఫ్టు కట్టేసినట్టే. టిప్పింగ్ ట్రక్కుకి ఆయిలు పంపడానికి తిప్పిన వాల్వును తిరిగి లిఫ్టు వైపు తిప్పడం మరిచిపోతే ఏ పంపూ దాన్ని లేపలేదు. డ్రాఫ్ట్ లివరు, పొజిషన్ లివరు రెండూ ఉన్న బళ్లలో ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతే లిఫ్టు సగంలో ఆగుతుంది. కింది లింకులకు లిఫ్టు రాడ్డు బిగించే రంధ్రాలు ఒకటికి మించి ఉంటే, వెనక రంధ్రంలో బలం ఎక్కువ, ఎత్తు తక్కువ. ముందు రంధ్రంలో ఎత్తు ఎక్కువ, బలం తక్కువ. లిఫ్టు ఆర్ములను మోసే అడ్డ షాఫ్టు బుష్షులు గ్రీజు లేక పట్టేస్తే సగం బలం అక్కడే హరించుకుపోతుంది. అలాంటి బండికి ఖాళీ లింకులు కూడా వాటంతటవే కిందికి దిగవు. మాసీ ఫెర్గూసన్ తరహా బళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. హారీ ఫెర్గూసన్ 1936లో ఫెర్గూసన్ బ్రౌన్ ట్రాక్టరుతో, 1939లో ఫోర్డ్ 9ఎన్‌తో లోకానికి చూపిన మూడు లింకుల పద్ధతి నుంచి వచ్చిన వంశమది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే ద్వారా మన ఊళ్లకు చేరింది. ఆ బళ్లలో పంపు వెనక హౌసింగులోనే మునిగి ఉండి, పనిముట్టును తిప్పే పీటీఓ షాఫ్టుతో తిరుగుతుంది. పీటీఓ లివరు న్యూట్రల్‌లో ఉంటే లిఫ్టు లేవదు. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువవాటికి ఇంజనును ఆనుకుని గేరు పంపు ఉంటుంది కాబట్టి ఈ చిక్కు లేదు, కానీ వాటికి పీల్చే గొట్టం పొడవు; ఆ గొట్టం క్లిప్పు వదులైతే ఆయిలుతో బాటు గాలి కూడా లోపలికి పోతుంది. పంపు ఎక్కడుందో, దేనితో తిరుగుతుందో తెలుసుకోకుండా స్పానరు పట్టడం ఎవరికీ మంచిది కాదు.

ఇక ఆయిలు. ఈ వ్యాసంలో బరువంతా ఇక్కడే ఉంది. చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సు, డిఫరెన్షియలు, ఆయిలులో మునిగే బ్రేకులు, హైడ్రాలిక్ అన్నిటికీ ఒకే ఆయిలు. అందులో ఎక్కడ నీరు చేరినా అది లిఫ్టు దాకా వెళ్తుంది. నీరు ఎలా చేరుతుందన్నది తేలికైన భౌతిక సూత్రం. మిట్టమధ్యాహ్నం దాకా పనిచేసి హౌసింగు కాగి ఉంటుంది. లోపలి గాలి వ్యాకోచించి ఊపిరి రంధ్రం (బ్రీదరు) గుండా కొంత బయటికి పోతుంది. అదే బండి చల్లటి మడి నీటిలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గాలి కోసం లాగుతుంది. ఊపిరి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయి ఉంటే, ఆ లాగుడు యాక్సిలు సీళ్ల మీద, పీటీఓ సీలు మీద పడుతుంది. సీలు పెదవి తయారైంది ఆయిలు బయటికి పోకుండా ఆపడానికి. బయటి నీరు లోపలికి రాకుండా ఆపే శక్తి దానికి తక్కువ. మెట్ట దుమ్ము ఊపిరి రంధ్రాన్ని మూస్తే, డెల్టా నీరు సీలు గుండా దూరుతుంది. కోరుకొండ లాంటి చోట రెండూ ఒకే బండి మీద కలుస్తాయి. కేజ్ వీల్సు వేసి లోతు బురదలో తిరిగితే యాక్సిలు సీళ్లకు ఇసుక రాపిడి కూడా తోడవుతుంది. దమ్ము అయ్యాక కాలవలో దింపి కడగడం, సర్వీసింగు షెడ్డులో ప్రెజరు నీళ్లు డిప్‌స్టిక్ చుట్టూ కొట్టడం మిగిలిన పని పూర్తిచేస్తాయి.

ఇలా చేరిన నీరు వెంటనే బయటపడదు. కొద్దికొద్దిగా చేరిన నీటిని ఈ ఆయిళ్లు తమలో కలిపేసుకుంటాయి. సీసాలో రాత్రంతా నిలవబెడితే నీరు అడుక్కి దిగుతుందన్న పాత పరీక్ష పూర్తిగా నమ్మదగింది కాదు. పాలలా తెల్లబడితే ఇక పరీక్షే అక్కర్లేదు. అనుమానంగా ఉంటే కాగిన పెనం మీద ఒక చుక్క వేసి చూడాలి, చిటపటమంటే నీరున్నట్టే. ఆ నీరు కంట్రోల్ వాల్వు స్పూలుకు తుప్పు పట్టిస్తుంది, కాగితం ఫిల్టరును ఉబ్బిస్తుంది, గేరు పంపు పళ్ల మధ్య ఉండవలసిన ఆయిలు పొరను పలచన చేస్తుంది. జూలైలో చేరిన నీటి ఫలితం దాళ్వా నాటికో, ఆ తర్వాత ఎండాకాలంలో ట్రక్కు తోలేటప్పుడో కనపడవచ్చు. అప్పటికి బురద ఎండిపోయి ఉంటుంది, దమ్ము సంగతి ఎవరికీ గుర్తుండదు, తప్పు పంపు మీద పడుతుంది. కొత్త పంపు తెచ్చి అదే ఆయిలులో, పీల్చే వైపు మూసుకుపోయిన అదే జాలీతో నడిపిస్తే దాని ఆయుష్షు కూడా అంతంతమాత్రమే. రెండో పంపు కూడా తొందరగా పోయిందని కంపెనీని తిట్టుకునే రైతుల్లో చాలామందికి ఈ లంకె ఎవరూ విప్పి చెప్పలేదు.

నురగ వేరే కథ. డిప్‌స్టిక్ మీద బుడగలు, లివరు లాగినప్పుడు పంపు సన్నగా ఈల వేసినట్టు మోత, లింకులు వణుకుతూ లేవడం కలిసి కనిపిస్తే పంపు ఆకలితో ఉన్నట్టు. ఆయిలు మట్టం తగ్గి ఉండాలి, లేదా జాలీ పూడిపోయి ఉండాలి, లేదా పీల్చే వైపు గాలి తీస్తూ ఉండాలి. వాలు నేలలో మాత్రమే ఇలా జరిగితే మట్టం తక్కువే. టిప్పింగ్ ట్రక్కు జాకీ హౌసింగు ఆయిలునే వాడుకుంటుంది కనక, జాకీ పూర్తిగా తెరిచినప్పుడు లోపల కొన్ని లీటర్లు తగ్గుతాయన్నది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇవన్నీ సరిగా ఉండి లిఫ్టు ఇంకా మొరాయిస్తుంటే గేజీ వంతు. 250 బార్ దాకా చూపే గేజీని ట్రక్కు పైపు తగిలించే చోట బిగించి, ఆయిలు చేతికి వేడిగా తగిలేదాకా బండి నడిపి, లివరు లాగి చూడాలి. వచ్చిన అంకెను ఆ మోడలు పుస్తకంతో పోల్చాలి. అంకె సరిపోయి లిఫ్టు లేవకపోతే తప్పు లింకుల్లోనో, సిలిండరులోనో ఉంది, పంపుకి సంబంధం లేదు. అంకె తక్కువైతే తర్వాతి ప్రశ్న రిలీఫ్ వాల్వా, పంపా అన్నది. దీనికి జవాబు ఇంజను వేగం చెబుతుంది. రిలీఫ్ వాల్వు చెరువుకు అలుగు లాంటిది. అలుగు తెగి కిందికి దిగితే ఎంత వరద వచ్చినా నీటిమట్టం ఆ ఎత్తు దాటదు. గట్టుకు గండి పడితే మాత్రం వరద పెరిగేకొద్దీ మట్టం కొంత పెరుగుతుంది. అలాగే ఇంజను తక్కువ వేగంలోనూ, ఎక్కువ వేగంలోనూ గేజీ ఒకే తక్కువ అంకె దగ్గర నిలబడితే రిలీఫ్ వాల్వు స్ప్రింగు బలహీనపడింది, లేదా దాని కూర్చునే చోట మట్టి ఇరుక్కుంది. వేగంతో బాటు అంకె పెరుగుతుంటే ఎక్కడో లోపల కారుతోంది. ఆ కారడం పంపులోనా, సిలిండరులోనా అన్నది లిఫ్టు వైపు దారి మూసి, పైపు వైపు మాత్రమే కొలిస్తే తేలుతుంది. అప్పుడు ఒత్తిడి సరిగా వస్తే సిలిండరు ఓరింగో, స్పూలో, రాకపోతే పంపు. పంపును మార్చమని చెప్పే అధికారం వచ్చేది ఇక్కడ, ఈ మెట్టు మీద మాత్రమే.

లేచి దిగిపోయే జబ్బుకి గేజీ కూడా అక్కర్లేదు. ఎవరూ కింద లేకుండా చూసుకుని, పనిముట్టు ఎత్తి ఇంజను ఆపేసి, నేల నుంచి ఎత్తు కొలిచి, అయిదు నిమిషాలకోసారి మళ్లీ కొలవాలి. ప్రభుత్వ పరీక్షా కేంద్రాలు కూడా ఇలాగే అరగంట పాటు కొలిచి, దిగిన మిల్లీమీటర్లను నివేదికలో రాస్తాయి. ఇంజను నడుస్తున్నప్పుడు లింకులు తల ఊపినట్టు దిగుతూ లేస్తూ ఉంటే అదే జబ్బు. కారుతున్నదాన్ని పొజిషన్ కంట్రోల్ పూడుస్తూ పోతోందన్నమాట. ఇంజను ఆగాక పంపుకి పాత్రే లేదు కాబట్టి ఈ జబ్బుకు పంపు మార్చడం శుద్ధ దండుగ.

దీనికి ఎదురు చెప్పేవారి మాటలో కూడా నిజం ఉంది. అనుభవమున్న మెకానిక్ చెవితో విని చెప్పగలడంటారు. నిజమే, చల్లగా ఉన్నప్పుడు లేచి వేడెక్కాక నీరసిస్తే లోపల కారుతోందని మంచి మెకానిక్ గేజీ లేకుండానే చెబుతాడు. కానీ స్ప్రింగు చచ్చిన రిలీఫ్ వాల్వూ, అరిగిన పంపూ పైకి ఒకే లక్షణం చూపుతాయి. ఆ రెండింటినీ విడదీసే శక్తి చెవికి లేదు. పాత బండికి పంపు అరగదా అంటారు. అరుగుతుంది, గేజీ దాన్నీ నిర్ధారిస్తుంది. నేను పంపు పక్షాన వకాల్తా పుచ్చుకోవడం లేదు, విచారణ లేకుండా శిక్ష వద్దంటున్నాను. పదును పోతుంటే పరీక్షలకు టైమెక్కడిదంటారు. ఖర్చులేని తనిఖీలకు అరగంట, గేజీకి ఇంకో అరగంట. వెనక హౌసింగు విప్పి పంపు దింపి ఎక్కించడానికి రోజుకు తక్కువ పట్టదు. తొందరున్నవాడికే కొలత ఎక్కువ అవసరం.

రెండు వాడుకల మీద మాత్రం నేను రాజీపడలేను. ఒకటి, చిక్కటి గేరు ఆయిలు పోస్తే లిఫ్టు బాగవుతుందన్న నమ్మకం. కొద్దిరోజులు బాగవుతుంది, ఎందుకంటే చిక్కటి ఆయిలు సందుల్లోంచి తక్కువగా కారుతుంది. అంటే కారుతోందని అదే రుజువు చేసింది. ఆ సూచన అందుకుని కారే చోటు వెతకాలి. అలా కాకుండా అదే ఆయిలుతో సాగిస్తే, చల్లని పొద్దున పంపు దాన్ని పీల్చలేక అరుగుతుంది, ఆయిలులో మునిగే బ్రేకులూ చెడతాయి. రెండోది మరీ ప్రమాదం: రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషరు వేసి బిగించడం. పైన చెప్పిన సిలిండరుకు 30 బార్ పెంచితే పిస్టన్ మీద, దాన్ని మోసే పోత ఇనుము మీద 1,300 కిలోలు అదనంగా పడతాయి. పంపు పగలవచ్చు, పైపు పేలవచ్చు. అంత ఒత్తిడితో సూదిమొనంత చిల్లులోంచి చిమ్మే ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. వెంటనే ఆపరేషను చేయకపోతే వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు. కారే చోటును చేత్తో తడమకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. ఎత్తిన పనిముట్టు కింద, లిఫ్టును నమ్ముకుని ఎవరూ దూరకూడదు. ఏ గొట్టం విప్పినా ముందు పనిముట్టును నేలకు దించాలి. బలహీనమైన లిఫ్టు మీద పనిచేసేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం.

గేజీ, రెండు మూడు రకాల అడాప్టర్లు, ఒక హోసు ముక్క కలిపినా కొన్ని వేల రూపాయలకు మించవు. ఒక్క రైతు కొనాలంటే బరువే, కానీ ఒక మండలానికి ఒకటి చాలు. 2014-15 నుంచి కేంద్రం యాంత్రీకరణ ఉపపథకం కింద కస్టమ్ హైరింగు కేంద్రాలకు రాయితీ ఇస్తోంది. ట్రాక్టరు, రోటావేటరు కొనడానికి సాయం అందినప్పుడు, వాటి ఒత్తిడి చూసే గేజీ కూడా ఆ జాబితాలో ఉండాలి. ఐటీఐల్లో ఏడాది పాటు నేర్పే ట్రాక్టరు మెకానిక్ కోర్సు పూర్తిచేసిన కుర్రాడి చేతిలో స్పానర్ల సెట్టుతో బాటు గేజీ ఉండేలా చూడాలి. గార్లదిన్నె, బుద్నీ నివేదికల్లోని లిఫ్టు అంకెలను తెలుగులో రైతుకు అందించాలి. అవి అందేలోపు మనం చేయగలిగింది మనం చేద్దాం. దమ్ముకు దిగేముందు ఊపిరి రంధ్రం శుభ్రం చేయండి, దమ్ములు అయ్యాక ఆయిలు చుక్క పెనం మీద వేసి చూడండి, పంపు మార్చాలని ఎవరైనా అంటే గేజీ ఎంత చూపిందో, ఇంజను ఏ వేగంలో చూపిందో అడిగి ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాయించుకోండి.